ఇక్కడెవరూ ఉండరండీ

ఊరు మొత్తానికీ ఖరీదైన వీధి అది. మూడు వందల ఏళ్ల నాటి రాతి మేడలు, వాటి కింద అద్దాల వెనక నిద్రపోతున్నట్టుండే గడియారాలు, అత్తరు సీసాలు, ధర రాయని చెప్పులు. ధర అడిగేవాళ్లు ఆ వీధిలోకి రారు. మేడల్లో సగం కిటికీల వెనక మనుషులే ఉండరు. యజమానులు ఏడాదికోసారి వచ్చి వారంలో వెళ్లిపోతారు.

అలాంటి ఒక మేడ మూడో అంతస్తులో, వంటగది వెనకున్న గదిలో ఆమె పదకొండేళ్లుగా ఉంటోంది. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, "ఏం మహారాణీ, ఇవాళ ఏ మందిరంలో పవళించారు?" అని ఆటపట్టిస్తుంది. ఎక్కడ నవ్వాలో ఆమెకు తెలుసు. నవ్వుతుంది.

పొద్దున్నే ఎనిమిది కిటికీలూ తెరుస్తుంది. ఎవరూ వాడని కుళాయిలు తిప్పి ఎర్రనీళ్లు పోనిస్తుంది. సాయంత్రం ఆరింటికి దీపాలు వేస్తుంది. ముందు హాల్లో, కాసేపాగి భోజనాల గదిలో, ఆపైన పడకగదిలో, ఇంట్లో మనుషులు తిరుగుతున్నట్టు. తన గది దీపం మాత్రం తెర వేశాకే. పనిమనిషి కాపురముంటోందంటే ఇంటి విలువ పడిపోతుందని ఇంటావిడ మొదటిరోజే చెప్పింది.

గంట మోగితే ఒక పద్ధతుంది. పరుపు చుట్టి అలమరలో పెట్టాలి. దువ్వెన, గ్లాసు, తువ్వాలు సంచిలో వేసి తలుపు వెనక తగిలించాలి. వచ్చినవాళ్లు ఎవరైనా, అడిగితే ఒకటే మాట చెప్పాలి.

ఈ ఏడు ఇంటావిడ పోయింది. కొడుకు ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు మంచివాళ్లే. చూసుకునే మనిషి అక్కడే ఉంటుంటే ఆ గదీ, పనీ ఆమెకే వదిలేస్తామనీ, లేకపోతే తమ మనుషుల్ని పెట్టుకుంటామనీ కబురు పంపారు. వాళ్ల గుమాస్తా వచ్చి ఎవరుంటున్నదీ రాసుకుంటాడట. చెల్లెలింట్లో రెండు గదులు, ఆరుగురు మనుషులు. ఇంకో పరుపు పట్టదని అక్కాచెల్లెళ్లిద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు.

చెల్లెలు ఫోన్లోనే గుమాస్తా అయిపోయి, గొంతు బొంగురు చేసుకుని, ఇక్కడ ఎవరుంటారమ్మా అని అడిగింది.

"నేనే ఉంటానండీ. పదకొండేళ్లనుంచీ."

"అంత నీరసంగా చెప్తే నేనే నమ్మను అక్కా. దొంగతనం ఒప్పుకుంటున్నట్టుంది."

మూడుసార్లు చెప్పించింది. మూడోసారి బాగానే వచ్చింది.

మర్నాడు పదింటికి గంట మోగింది. తలుపు తీసేలోపే పరుపు అలమరలోకి వెళ్లిపోయింది, దువ్వెన సంచిలో పడింది. చేతులు ఆమెను అడగలేదు.

గుమాస్తా నెమ్మదస్తుడు. వానకు తడిసిన బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, మేజోళ్లతో గది గదీ తిరిగి కిటికీలు లెక్కపెట్టుకున్నాడు. చివరికి వెనక గదిలోకి వచ్చాడు. నాలుగు గోడలు, మూసిన అలమర. మేకు గుర్తు కూడా లేదు.

"ఇక్కడెవరైనా ఉంటున్నారామ్మా?"

"ఎవరూ ఉండరండీ."

కలం కదిలింది. తడిచేతిలోంచి సబ్బు జారినట్టు జారిపోయిందా మాట. జారడం ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏమీ అనిపించలేదు.

అతను తలెత్తాడు. "ఉంటున్నారని మాకు చెప్పారే. మరి మీరు?"

ఇంకా టైముంది. అలమర తెరిస్తే చాలు. ఆమె గోడవైపు చూసింది. తాను రోజూ తుడిచిన గోడ, ఎవరినీ ఎరగనట్టు తెల్లగా ఉంది.

"నేను తుడవడానికి వస్తానండీ."

అతను రాసుకుని, సంతకం పెట్టించుకుని, నెలాఖరుకు తాళాలు ఇచ్చెయ్యమని మర్యాదగా చెప్పి, బూట్లు తొడుక్కుని వెళ్లాడు. అతని మేజోళ్ల తడి నేలమీద అచ్చులుగా మిగిలింది. గుడ్డ తెచ్చి తుడిచింది.

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సంచి ఎప్పటిలాగే సిద్ధంగా ఉంది.

ఆరింటికి హాల్లో దీపం వేస్తుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"చెప్పావా అక్కా?"

"చెప్పాను."

"గట్టిగానే చెప్పావా?"

"ఆ. రెండుసార్లు."

అవతల చెల్లెలు ఆనందంగా ఏదో అంటోంది. కాసేపు ఆగాలి కదా, ఆగింది. తర్వాత భోజనాల గదిలోకి వెళ్లి అక్కడి దీపం వేసింది.