దీనమ్మ ఫ్రిజ్‌లో పొరుగింటి పాలు

అల్లవరం దగ్గరి ఆ ఊళ్లో, ఊరవతలి దళితుల పేట నుంచి వచ్చి రైతుల వీధి చివర డాబా వేసుకున్న మొదటి కుటుంబం దీనమ్మది. ఆమె ఊరి బడిలోనే టీచరు. భర్త దేవసహాయం అమలాపురంలో గుమాస్తా. అత్త పాపాయమ్మకు మాత్రం కొత్త ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే పేటకు పోయి, అక్కడి ఆడవాళ్లతో కలిసి నాట్లకు వెళ్లేది. కొడుకు వద్దన్నా వినేది కాదు.

తొంభై ఎనిమిదిలో వాళ్లు ఫ్రిజ్ కొన్నారు. ఆ వీధిలో అప్పటికి ఇంకెవరికీ లేదు.

ఆ ఏడు నాట్ల రోజుల్లో ముసురు పట్టి వదల్లేదు. పక్కింటి బుల్లెమ్మకు పాడిగేదెలు ఉన్నాయి. పిడకలు చెమ్మగిల్లి, రోజంతా పాలు కాగే దాలి రాజుకునేది కాదు. కొబ్బరి డొక్కలు పెడితే పొగే తప్ప మంట లేదు. పొద్దున్న కాచిన పాలు మధ్యాహ్నానికే వాసన కొట్టి, పొయ్యెక్కిస్తే విరిగిపోయేవి. గిన్నెను నీళ్లపళ్లెంలో పెట్టినా, తడిగుడ్డ చుట్టినా ఆ ఉక్కకు ఆగేవి కావు.

ఒకరోజు బుల్లెమ్మ మూతపెట్టిన సత్తుగిన్నె పట్టుకుని పెరటి గోడ దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా, ఈ పాలు సాయంత్రందాకా మీ ఫ్రిజ్జులో ఉంచుతావా?"

"ఆయ్, అలాగేనండి. దానికి అడగాలాండి?"

గోడ అవతలి నుంచి తనను పలకరించడం అదే మొదలు. దీనమ్మకు కడుపు నిండినట్టయింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున గిన్నె గోడ దాటి వచ్చేది. బడి వదిలి రాగానే దీనమ్మ తిరిగి అందించేది. పాలకు వాసన పట్టకూడదని తమ చేపల కూర బయటే ఉంచేసేది. అది పాడై పారబోసిన రోజులూ ఉన్నాయి.

"మనుషులు మారుతున్నారండీ" అంది ఒకసారి భర్తతో. పక్కనే ఉన్న పాపాయమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఓ రోజు జోరువానకు బడి ముందే వదిలేశారు. పాలకోసం బుల్లెమ్మ గోడ దగ్గరికి రాలేదు. దీనమ్మ గొడుగేసుకుని, గిన్నెతో చుట్టూ తిరిగి వాళ్ల వీధి గుమ్మంలోకి వెళ్లింది. లోపల బుల్లెమ్మ మనవడు వెంకటసాయి ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడికోసం పొయ్యి మీద పెట్టిన పాలు విరిగిపోయాయి. సెంటర్‌కెళ్లి ప్యాకెట్ పాలు తెమ్మని బుల్లెమ్మ పాలేరు మోషేని తొందరపెడుతోంది.

"ఇంత వానలో ఎందుకండీ? ఇవిగోండి, పొద్దున్న మీరిచ్చినవే. వెచ్చబెట్టి బాబుకి పట్టండి" అంది దీనమ్మ ఆదుర్దాగా.

బుల్లెమ్మ గిన్నెకేసి చూసింది.

"అవి కాదమ్మా. అవి కూలోళ్ల టీకి. అరుగు మీద పెట్టు, మోషే వచ్చి చేలోకి పట్టికెళ్తాడు."

"పాలు బాగానే ఉన్నాయండి."

"బాగానే ఉంటాయిలే. మీ ఇంట్లో పెట్టినవి మేం తాగం కదా."

కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది ఆ మాట. దీనమ్మ గిన్నె అరుగు మీద పెట్టింది. పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. పేటవాడైన మోషే ఆమె మొహం చూడకుండా, నెత్తిన గోనెసంచి వేసుకుని వానలోకి దిగాడు.

మర్నాడు మళ్లీ గిన్నె వచ్చింది.

"ఫ్రిజ్‌లో చోటు లేదండి."

"నిన్నటిదాకా ఉందిగా?"

"ఉందండి. ఇవాళ లేదండి."

"నెల జీతం వచ్చేసరికి ఎంత పొగరమ్మా!" అంటూ బుల్లెమ్మ వెనక్కి తిరిగింది. దీనమ్మ మనసు కాస్త తేలికపడింది.

ఆ తేలిక ఆట్టే నిలవలేదు. కొన్నాళ్లకు పాపాయమ్మ బుల్లెమ్మ చేలోంచి తడిసి ముద్దయి వచ్చి, అరుగు మీద కూలబడింది.

"పాలు నిలవట్లేదని మీ బుల్లెమ్మగారు మా టీ మానిపించేసింది. పొద్దస్తమానం బురదలో వంగి ఉంటే, ఆ గుక్కెడు వేడి టీయే మాకు ప్రాణం. నీ పౌరుషానికి మా నోటికాడది పోయింది."

"ఆవిడ నన్నేమందో తెలుసా అత్తయ్యా?"

"తెలవకేం? ఆ పాలు ఎవరికో నాకు మొదటిరోజే తెలుసు. ఆ టీ తాగిందాన్ని నేనేగా."

"తెలిసీ చెప్పలేదేం?"

"చెబితే ఇలాగే చేస్తావని."

మరుసటేడు వానలనాటికి బుల్లెమ్మ ఇంటికీ ఫ్రిజ్ వచ్చింది. కూలీలకు మాత్రం మళ్లీ టీ రాలేదు. పేటలో ఆ తప్పు బుల్లెమ్మదని ఎవరూ అనలేదు. టీచరమ్మదే అన్నారు.