వాగు అవతలి పోస్టాఫీసు

మొన్న హన్మకొండలో పార్సెల్ పంపడానికి వెళితే, కౌంటరు వెనక ఎవరో లక్క కరిగిస్తున్నారు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే వెంకటనర్సయ్య సార్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. డెబ్బయ్యవ దశకం చివర్లో నేను వరంగల్‌లో గుమాస్తాగా చేరినప్పుడు ఆయన మా తపాలా ఇన్‌స్పెక్టరు. భారీ మనిషి. ఆయన నవ్వితే బల్ల మీది కాగితాలు కూడా కదిలేవి.

అప్పట్లో పల్లె పోస్టాఫీసులు చాలావరకు నష్టంలోనే నడిచేవి. నడిచి వెళ్ళేంత దూరంలో మరో పోస్టాఫీసు లేకపోతేనే సర్కారు ఆ నష్టాన్ని భరించేది. నెక్కొండ అవతల ఒక ఊరి ఫైలు నా చేతికొచ్చింది. మ్యాపు మీద స్కేలు పెట్టి చూశాను. పక్క ఊళ్ళోనే ఇంకో పోస్టాఫీసు ఉంది. ‘మూసివేయవచ్చు’ అని రాసి, మెచ్చుకుంటారన్న ఆశతో ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, “దస్తూరి మంచిగున్నది. ఆ ఊరు చూసినవా?” అన్నారు. లేదన్నాను. “అయితే రేపు పొద్దున పాసింజర్‌కు పోదాం. గొడుగు తెచ్చుకో.”

ఆషాఢ మాసం, ముసురు పట్టి ఉంది. ఆ పోస్టాఫీసు ఒక ఇంటి ముందు గది. దాని అరుగు మీద ఎల్లవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. డోర్నకల్ రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గర్నుంచి మనియార్డరు వచ్చిందేమో కనుక్కోవడానికి వచ్చింది. సార్ ఆమె పక్కనే చతికిలబడి, “అవ్వా, ఇది తీసేస్తే నువ్వు పక్కూరికి పోవాలె. ఎట్ల పోతవ్?” అని అడిగారు. “చెప్తే సమజ్ గాదు బిడ్డా. నడువుండ్లి, చూపిస్త” అంటూ ఆమె కొంగు నెత్తిన కప్పుకొని లేచింది.

కాస్త దూరం నడిచామో లేదో, ఎర్రనీళ్ళతో వాగు అడ్డొచ్చింది. ఎండాకాలంలో దాటవచ్చట. వానల్లో చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే. రేగడి బురదలో సార్ చెప్పు దిగబడింది. ఆయన వంగి దాన్ని లాగుతుంటే గొడుగు తిరగబడింది. ముందెక్కడో ఉన్న ఎల్లవ్వ ఆగి, “జర జల్ది నడువు సారూ, నీకంటె మా బర్రె నయం” అంది. ఆయన బురదలోనే నిలబడి పగలబడి నవ్వారు. నాకు మాత్రం కొత్త టెర్లిన్ ప్యాంటు మీదే దృష్టి.

మధ్యాహ్నం దాటాక పక్కూరి పోస్టాఫీసు చేరాం. తలుపుకు తాళం వేసి ఉంది. పల్లె పోస్టాఫీసులు రోజుకు కొన్ని గంటలే తెరిచి ఉంటాయి మరి.

“ఇగ రేపు మల్ల రావాలె” అంది ఎల్లవ్వ తాపీగా, మెట్టు మీద కాళ్ళు చాపుకొని. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఫైల్లోని నా మాట కొట్టెయ్యమని సార్‌ను అడిగాను.

“నువ్వు రాసింది నేనెందుకు కొట్టెయ్యాలె? కలం నీది. నీ కాళ్లు ఏం జెప్తున్నయో అది రాయి.”

ఆ మెట్ల మీదే రాశాను. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. దసరా దాటాక, ఆ ఊరి పోస్టాఫీసుకు సర్కారు సాయం కొనసాగుతుందని ఆర్డరొచ్చింది. సార్ ఆఫీసందరికీ మిర్చి బజ్జీలు తెప్పించి, “మనోడు వాగు చూసిండు” అని టేబులు టేబులుకూ తిరిగి చెప్పారు.

తరువాత నేనూ ఇన్‌స్పెక్టరునయ్యాను. పరకాల వైపు ఊళ్ళు నా కిందికొచ్చాయి. మూసివేత ఫైలు వస్తే వానలు పడేదాకా ఆగి, రాసిన గుమాస్తాను వెంటబెట్టుకొని, ఆ దారిన నడవాల్సిన మనిషి వెనకే నడిచేవాణ్ణి. ఆ గుమాస్తాలు లోలోపల నన్ను తిట్టుకునేవాళ్ళని తెలుసు. ఆ రోజు చెరువు కట్ట మీద నేనూ సార్‌ను తిట్టుకున్నాను.