తగ్గించమంటే ఏం తగ్గించాలి

నాకు కీబోర్డు నేర్పిన గురువు ఒక ఫోను. అందులో అక్క పాటలుంటాయి. పెళ్లయి ధర్మవరం వెళ్లాక ఆమె అక్కడొక ఆర్కెస్ట్రాలో పాడేది. ఎవరో రికార్డు చేసి పంపినవి. హిందూపురంలో మా మిద్దె మీది గదిలో ఆ పాటలు పెట్టుకుని, వాటి వెంటబడి కీబోర్డు మీద మెట్లు వెతుక్కునేవాణ్ణి. తప్పు వాయిస్తే ఫోను తిట్టదు. నేను చరణం మధ్యలో తప్పిపోయినా, అక్క తన పాటికి తాను పాట ముగించేసేది.

నాయన కింద నుంచి అరిచేవాడు. "పాప పాడేది బాగుండాది. ఎనక ఆ తలుపు కొట్టేదెవుర్రా?"

తర్వాత బెంగళూరులో అక్క గొంతులో థైరాయిడ్ గడ్డ తీశారు. మాట వచ్చింది. మాటల విషయంలో ఆమెకెప్పుడూ ఇబ్బంది లేదు. పాటే, పైకి వెళ్లాల్సిన చోట గాలైపోయేది. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడట. ఆ మాత్రం నేనూ చెప్పగలను, ఉచితంగా అన్నా. అక్క నవ్వలేదు. విశ్రాంతికని మా ఇంట్లోనే ఉండి, పాట ఊసే ఎత్తలేదు. నేను పైన ఆమె పాత పాట పెడితే కింద టీవీ సౌండు పెరిగేది. ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నా.

అంతలో పెనుకొండలో మామ మనవరాలిని తొట్టిల్లో వేసే ఫంక్షన్ వచ్చింది. మా చుట్టాల్లో ఏ బిడ్డను తొట్టిల్లో వేసినా లాలిపాట అక్కదే. మామ ఫోన్ చేశాడు. "నువ్వు రాకుంటే పాపను తొట్టిల్లో ఏసేదే లేదమ్మా. ఎత్తుకోనే పెంచుతాం."

అక్క మర్నాడు నన్ను చూపించి, "వీడు వాయిస్తే పాడతా. నా గొంతు పోయే కాడ వాడు కప్పేస్తాడు" అంది. ఇంట్లో నన్ను ఒక పనికొచ్చే వస్తువుగా చూడడం అదే మొదలు. ఫంక్షనుకు ముందొకసారి కలిసి పాడి చూద్దామంటే వద్దంది, ఉన్న గొంతు ఆ రోజుకే దాచుకోవాలట. లాలిపాట ఎట్లాగూ ఫోనులో ఉంది. దాంతోనే సాధన చేసుకున్నా.

పెనుకొండలో హాలు నిండా జనం. పాపను తొట్టిల్లో పడుకోబెట్టారు. నేను పాటను ఫోనులో ఉన్నట్టే ఎత్తుకున్నా. రెండో లైనులో అక్క నా వైపు వంగి, "తగ్గించు" అంది.

సౌండు తగ్గించా.

"ఇంగా తగ్గించ్రా."

ఇంకా తగ్గించా. ఆమె కళ్లు పెద్దవి చేసింది. ఇంత పెద్ద సౌండెవరు పెట్టమన్నార్రా అని నన్ను నేనే తిట్టుకుంటూ, ఇక నా వేళ్లకు తప్ప ఎవరికీ తెలియనంతగా తగ్గించేశా. సరిగ్గా అప్పుడు పాట పైకి వెళ్లింది. కప్పాల్సినవాడు లేడు. అంత నిశ్శబ్దంలో అక్క గొంతు ఒక్కటే పైకి పోయి, చీలి, గాలైపోయింది. హాలంతా విన్నారు. పాప నిద్రపోయింది కాబట్టి లాలిపాట పని చేసినట్టే. మామ అవసరానికి మించి చప్పట్లు కొట్టాడు.

తిరుగు రైల్లో అక్క అడిగింది. "శృతి తగ్గించమంటే సౌండు తగ్గిస్తావేమ్రా?"

"శృతి తగ్గించాల్సి వస్తాదని నాకేం తెలుసు? ఫోనులో నువ్వెప్పుడూ అడగలా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఫోనులో ఉండేదానికి ఏం తక్కువ? దానికి గొంతుండాది."

జోకు కోసం వెతికా. హిందూపురం వచ్చేదాకా దొరకలేదు.

మర్నాడు పొద్దున అక్క తానే మిద్దెక్కి వచ్చింది. ఆర్కెస్ట్రాలో రోజూ చూసిన బటన్ కాబట్టి అడగకుండానే ట్రాన్స్‌పోజ్ నొక్కి, శృతి మూడు మెట్లు దించింది. నా చేతికి అందకుండా ఫోను తీసి కిటికీలో పెట్టింది.

"నేను యాడ ఆగితే ఆడ ఆగు. చాలు."

పాడింది. కింది శృతిలో, కొంచెం మందమైన గొంతు. పక్కింటావిడెవరో వచ్చి పాడుతున్నట్టుంది. రెండో లైనులో ఆపేసి, మెడ మీది కుట్ల గీత తడుముకుంది.

"ఇది నా గొంతేనంటావా?"

"ఆధార్ కార్డు చూపించు."

నవ్వబోయింది, దగ్గొచ్చింది. కాసిని నీళ్లు తాగి మళ్లీ మొదట్నుంచి అందుకుంది. రెండో లైను కాడ మళ్లీ ఆగింది. నా వేళ్లు ముందుకు పోబోయాయి. పట్టి ఆపుకున్నా.