వీధంతటికీ ఒకటే అడ్రస్

నేను కావలిలో లెక్కల టీచర్‌ని. పదో తరగతి పిల్లల కోసం పాఠాలన్నీ పెట్టి, మా ఇంట్లోని పాత కంప్యూటర్ నుంచే ఒక వెబ్‌సైట్ నడిపాను. ఇంటి వైఫైలో చక్కగా తెరుచుకుంది. తల్లిదండ్రుల సమావేశంలో చూపించబోతే బడిలో తెరుచుకోలేదు. అందరూ నవ్వారు.

ఇంటర్నెట్ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. తప్పు నా కంప్యూటర్‌లోనే ఉందన్నారు. పది రోజులు సెట్టింగులన్నీ మార్చి చూసి, చివరికి ఆఫీసుకే వెళ్లాను.

"ఇంటర్నెట్‌లో మీ వీధంతటికీ బయటికి ఒకటే అడ్రస్ ఉండాది మేడమ్. బయటోళ్లకి మీ ఇంటి దాకా దారి దొరకదు" అన్నాడు మేనేజరు తాపీగా.

"మరి ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు?"

"లేడీస్‌కి చెప్పినా అర్థం కాదులే అని."

నాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పిల్లలకి బీజగణితం చెప్పేదాన్ని, నాకర్థం కాదా? మా ఇంటికి విడిగా అడ్రస్ ఇచ్చిందాకా కదల్ను."

రెండు గంటల తర్వాత ఇచ్చాడు. అక్కడే నా ఫోన్‌లో వైఫై లేకుండా చూస్తే పేజీ తెరుచుకుంది.

ఇప్పుడు పిల్లలు ఇళ్ల నుంచే పాఠాలు చూస్తున్నారు. నా కోపం మాత్రం చల్లారలేదు. అతని మీద కన్నా, తప్పు నా కంప్యూటర్‌దే అన్న మాటలు నమ్మి పది రోజులు నా తెలివినే అనుమానించిన నా మీదే ఎక్కువ.