రజియా ఆపా కొలిచిన ఎండ

నిన్న మధ్యాహ్నం మా డాబా మీది సోలార్ పలకల మీద చినుకులు టపటపా రాలాయి. ఆ చప్పుడుకు కూర తరుగుతున్నదాన్ని ఆగిపోయి, నాలో నేనే నవ్వుకున్నాను. పలకల మీద వాన పడితే నాకు రజియా ఆపా గుర్తుకొస్తుంది. ఎండను కొలవడం నేర్పిన మనిషి వానతో గుర్తుకు రావడం వింతే, కాని దానికో కారణముంది.

తొంభైల మొదట్లో డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటర్ నేర్చుకుని, కామారెడ్డిలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. మాది ఎల్లారెడ్డి పక్కన వరి పండించే కుటుంబం. కరెంటు సరిగా రాని పల్లె దవాఖానల్లో టీకాల ఫ్రిజ్‌లను ఎండతో నడిపించాలన్నది ఆ ఆఫీసు పని. రజియా మా ఇంజినీరు. బజారులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి. కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కిందంటే కింద ఉన్నవాళ్ళకే గుండె దడ. మొదటి రోజు నేను "మేడం" అంటే చేయి అడ్డం పెట్టింది. "మేడం ఏంది? మా ఇంట్ల చెల్లెండ్లు శానమంది. ఇంకొకతి ఎక్కువైతదా? ఆపా అను."

ఏ దవాఖానకు ఎన్ని పలకలు, ఎంత బ్యాటరీ కావాలో హైదరాబాదు ఆఫీసు కంప్యూటర్లో లెక్క కట్టేవారు. ఏడాది పొడవునా గంట గంటకూ ఎండ ఎంత కాసిందో ఇస్తే, ఫ్రిజ్ ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగిపోతుందో ఆ ప్రోగ్రాం ముందే చెప్పేది. అక్కడి పెద్దసారు హైదరాబాదు ఎండ లెక్కలే వాడదామన్నారు. ఆపా ఒప్పుకోలేదు. పోచారం జలాశయం నీళ్ళ మీద లేచే పొగమంచు పట్నంలో కూర్చుంటే కనబడదని వాదించి, నాగిరెడ్డిపేట దగ్గరి ఒక దవాఖాన కప్పు మీద ఎండను కొలిచే గాజు బుడగను పెట్టించింది. దాని లెక్కలను ఒక డబ్బా దాచుకునేది. మేమిద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కి వెళ్ళి, బుడగ తుడిచి, ఆ లెక్కలు తెచ్చి కామారెడ్డి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళం.

ఒకసారి కోతులు ఆ బుడగను పక్కకు వంచేశాయి. రెండు రోజుల లెక్క పాడైంది. "అంచనాగా ఏదో ఒకటి వేసెయ్యండమ్మా" అన్నారు పెద్దసారు ఫోనులో.

"మేం సూడని ఎండను మేమెట్ల రాస్తం సార్? ఖాళీ ఇడుస్తం. కోతులొచ్చినయని రాస్తం" అంది ఆపా. ఫోను పెట్టేసి పకపకా నవ్వింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆగస్టు మొదటి వారమంతా సూర్యుడి జాడ లేదు. దవాఖానకు పలకలింకా పెట్టలేదు. ఆ వారమే కరెంటు పోయి, దవాఖాన నర్సు లక్ష్మమ్మ పిల్లల టీకాలన్నీ పారబోయాల్సి వచ్చింది. మోకాళ్ళ లోతు బురదలో నడిచి మేం చేరేసరికి ఆమె ఖాళీ ఫ్రిజ్ ముందు కూర్చుని ఉంది. "గీ తల్లులకు నేనేం జవాబు చెప్పాలె బిడ్డా?" అని కళ్ళు తుడుచుకుంది.

ఏడాది నిండాక లెక్కలన్నీ ఫ్లాపీలో ఎక్కించుకుని హైదరాబాదు వెళ్ళాం. చిన్న బ్యాటరీ చాలని ప్రోగ్రాం చెప్పింది. అందరూ సంతోషించారు. ఆపా మాత్రం తెరకు ముక్కు ఆనించి చూస్తూ, "ఈ ఆగస్టు ఎవరిది సార్?" అంది. "మొదటి వారమంత ఎండ మండిపోతున్నది ఇందుల. ఆ వారం మేం బురదల ఉన్నం."

వెతికితే దొరికింది. ఆ ప్రోగ్రాం విదేశాలది, నెలను ముందు చదువుతుంది. మేం ఆగస్టు ఒకటిని 1/8 అని పంపితే జనవరి ఎనిమిది అనుకుంది. ఆగస్టు రెండును ఫిబ్రవరి ఎనిమిదిగా చదివింది. ఆ రోజుల ఎండను తెచ్చి ఆగస్టులో పెట్టింది. వరసగా పట్టిన ముసురు అట్లా నెలకొక రోజుగా చెదిరిపోయింది. ఒక్క రోజు మబ్బుకైతే చిన్న బ్యాటరీ చాలు మరి.

"అల్లా! రేషన్ దుకాణం లెక్క నెలకింత పంచిపెట్టింది మన ముసురును!" ఆపా మాటకు పెద్దసారు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నేను నెలల పేర్లు అక్షరాల్లో వచ్చేట్టు లెక్కలన్నీ మళ్ళీ తీసి ఇచ్చాను. ఈసారి రెండింతల బ్యాటరీ కావాలని వచ్చింది. "మీ వాననే నమ్ముతానమ్మా" అంటూ సారు సంతకం పెట్టారు.

మరుసటి శ్రావణానికల్లా దవాఖానకు పలకలు, బ్యాటరీ పెట్టేశాం. అప్పుడూ ముసురు పట్టింది. వాన ఆగకముందే ఆపా నన్ను బస్సెక్కించింది. దవాఖాన అరుగు మీద పసిపిల్లలను ఎత్తుకుని తల్లులు, సూది పడిన ప్రతి బిడ్డా అందుకునే రాగం, ఆ గోల మధ్య లక్ష్మమ్మ నవ్వు. "కరెంటు లేక నాలుగు పొద్దులాయె. ఫ్రిజ్ మాత్రం ఆగలె" అంటూ తలుపు తెరిచింది. ఆపా నా అరచేతిని లోపలికి పెట్టించింది.

"సూడు చెల్లె, మన ఎండ ఎంత సల్లగున్నదో!"

తర్వాత ఎన్నో ఊళ్ళ ఎండ కొలిచాను. తెర మీద అంకెలు ఎంత ముచ్చటగా కుదిరినా, ఆ రోజుల్లో అక్కడున్న ఒక్కరినైనా అడగందే నమ్మను. "పోయిన వానకాలం ఇక్కడెట్లుండె అవ్వా?" అంటే చాలు, పీట వేసి, చాయ్ పోసి చెబుతారు. అట్లా వింటూ కూర్చోవడం కన్నా నాకు నచ్చిన పని ఈ ఉద్యోగంలో మరొకటి లేదు.