ఎసెన్‌బెక్ వేసుకోని చొక్కా

మా తమ్ముడు ఎసెన్‌బెక్‌కి మొహమాటమనే జబ్బుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని మంచితనమంటారు. నేననను. తొక్మొక్ బజారులో తందూరు ముందు నిలబడి మాంసం కూరిన సమ్సాలు కాల్చి అమ్ముకుని బతికినదాన్ని. మంచితనమేదో, నోరు లేకపోవడమేదో నాకు బాగా తెలుసు.

వాడు బళ్ళో ఆటల మాస్టారు. ఒక వసంతకాలంలో బిష్కెక్ నుంచి వైద్యం చదువుకునే పిల్లలు బస్సులో దిగారు. పాకిస్తాన్ వాళ్ళు, హిందుస్తాన్ వాళ్ళు కలిసే వచ్చారు. నగరంలో ఎక్కడ ఆడుకోబోయినా తరిమేస్తున్నారట, మీ బడి మైదానం ఇస్తారా అని అడిగారు. అడిగిన పాపానికి మా వాడు గేటు తాళం చేతికిచ్చి, టీ పోసి, ఇంటికి తీసుకొచ్చి భోజనాలు కూడా పెట్టాడు. ఆ సాయంత్రం వాళ్ళు బ్యాట్ చేతిలో పెట్టి ఒక బంతి వేశారు. అది తగిలిందో లేదో నాకు తెలియదు గానీ, ఆ రోజు నుంచి మా తమ్ముడు మాకు దక్కలేదు.

నేల ఎగుడుదిగుడుగా ఉందని మా అమ్మ చేత్తో చేసిన ఉన్ని కంబళి తీసుకెళ్ళి పిచ్ మీద పరిచాడు. బంతి దాని మీద పడి అక్కడే పడుకుంది. అమ్మ చేసిన కంబళిని బూట్ల కింద వేస్తావట్రా అని బజారంతా వినేలా తిట్టాను. తర్వాత మూతపడిన చక్కెర మిల్లులో బీటుదుంపలు మోసే రబ్బరు పట్టా ముక్క సంపాదించి, మేకులు కొట్టి బిగించాడు. బంతి లేచింది. వాడి మొహం అప్పుడు చూడాలి, కొడుకు పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు.

కానీ ఆడేది ఎప్పుడు? మా వాళ్ళలో అతిథి ఇంట్లో ఉంటే ముద్ద ముందు అతిథికి, మెత్తటి చోటు అతిథికి. మా వాడు దాన్ని మైదానంలోకి కూడా మోసుకెళ్ళాడు. బ్యాటింగ్ ముందు అతిథులకి, బౌలింగ్ ముందు అతిథులకి. తను అందరికన్నా చివర. చాలాసార్లు వాడి వంతు వచ్చేసరికి ఆట అయిపోయేది, లేదా పొద్దు కుంకేది. ఆ పిల్లలు చదువులు ముగించుకుని వెళ్ళిపోతే కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళూ అతిథులే. ఇలా ఏళ్ళకేళ్ళు గడిచాయి, వాడి మీసాలు నెరిశాయి, మోకాళ్ళు నొప్పెట్టడం మొదలైంది. బడిపిల్లల్లో ముగ్గురికి ఆట బాగా వంటపట్టింది. తనకి వచ్చిందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు.

అప్పుడు తురాట్ అనే సిమెంటు వ్యాపారి దిగాడు. దేశానికో జట్టు ఉండాలన్నాడు, సంఘం పెట్టాడు, అధ్యక్షుడు నేనేనన్నాడు. ఆయనకి బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో తెలియదు, కానీ ఫోటోలో ఎక్కడ నిలబడాలో తెలుసు. తాజిక్ జట్టు మా ఊరికి వచ్చి ఆడుతుందని, పైనుంచి, అంటే ప్రపంచ క్రికెట్ సంఘం నుంచి, ఇద్దరు పెద్దలు చూడ్డానికి వస్తారని, వాళ్ళకి నచ్చితే మనకీ గుర్తింపు వస్తుందని చెప్పాడు. ఒకటే షరతు. జట్టులో ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళు నలుగురైనా ఉండాలి. మా వాడి శిష్యులు ముగ్గురు. నాలుగోవాడు మా వాడే.

జట్టు నాయకుడు ఫర్హాన్ అనే కుర్రాడు. పెషావర్ నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడి పిల్లనే చేసుకుని ఉండిపోయాడు. మంచివాడు. వాడే పట్టుబట్టి, ఈసారి బైకే అందరికన్నా ముందు బ్యాటింగ్‌కి దిగాలి అన్నాడు. బైకే అంటే అన్న, మా వాణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. నన్ను వాడు ఎజే అంటాడు, అంటే అక్క. ఆ మాట విని మా వాడు నా కొట్టు దగ్గరికి వచ్చి, సమ్సా చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయి నిలబడ్డాడు.

"ఎజే, ఒక్క మ్యాచ్ చాలు. దేశం పేరున్న చొక్కా వేసుకుని ఒక్కసారి ముందు దిగితే చాలు. ఆ తర్వాత మోకాళ్ళు విరిగినా నాకు బాధలేదు" అన్నాడు.

ఇన్నేళ్ళలో నాకిది కావాలని వాడు నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. రోజూ సాయంత్రం పెరట్లో మరదలు నసికత్ బంతులు విసిరేది, వీడు కొట్టేవాడు. బంతులు గోడ దాటి మా కోళ్ళ మధ్య పడేవి. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. అయినా నేను ఏమీ అనలేదంటే అర్థం చేసుకోండి.

చొక్కాలు వచ్చాయి. ఎర్ర చొక్కాలు, రొమ్ము మీద దేశం పేరు, లెక్కకు సరిగ్గా పదకొండు. వాడు తన చొక్కా తీసుకెళ్ళి అతిథుల గదిలో, పెద్దలు కూర్చునే చోటికి పైన గోడకి తగిలించాడు. అక్కడ ఎందుకు, పెట్టెలో పెట్టమని నసికత్ చెప్పింది, నేనూ చెప్పాను. అందరూ చూస్తారు కదా అన్నాడు.

మ్యాచ్ ముందురోజు మధ్యాహ్నం జట్టుకి విందు పెట్టాడు. గొర్రెను కోశారు. తురాట్ వచ్చాడు. పిలవకుండానే వియ్యంకుడు కాసిమాలి కూడా వచ్చాడు, కొడుకు బెక్తుర్‌ని వెంటపెట్టుకుని. కాసిమాలి కూతుర్ని మా మేనల్లుడికి, అంటే ఎసెన్‌బెక్ కొడుక్కి, చేసుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. వియ్యాలవారి మగవాళ్ళని మేం కుదా అని పిలుస్తాం. పిల్లనిచ్చిన వియ్యంకుడంటే మా దగ్గర దేవుడి తర్వాత ఆయనే. ఆయన కాలు మీద కాలు వేసుకున్నా అందమే, అడక్కూడనిది అడిగినా అందమే. పెద్దచోట కూర్చోబెట్టారు, గొర్రె తల ఆయన ముందు పెట్టారు. బెక్తుర్ ఆ మధ్యే క్రికెట్ నేర్చుకోవడం మొదలెట్టాడు. బలం ఉంది గానీ బంతి ఎటు వస్తుందో చూడడు.

కాసిమాలి మాంసం నములుతూ తల పైకెత్తి గోడ వైపు చూశాడు. "ఈ చొక్కా భలే ఉంది కుదా. మా వాడి భుజాలకి కొలిచి కుట్టినట్టుంది" అన్నాడు.

వియ్యంకుడు ఒక వస్తువును మెచ్చుకున్నాడంటే, అది ఇంక ఆ ఇంటిది కాదు. గుర్రాన్ని మెచ్చుకుంటే గుర్రాన్నే ఇచ్చి పంపినవాళ్ళున్నారు మా వంశంలో. నేను గుమ్మంలో నూనెలో వేయించిన బూర్సొకుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఇవ్వకురా, ఇవ్వకురా అని కళ్ళతోనే మొత్తుకున్నాను. వాడు నా వైపు చూడనేలేదు. లేచి చొక్కా తీసి, వియ్యంకుడి కొడుకుకి పెళ్ళికొడుక్కి తొడిగినట్టు తన చేతులతో తొడిగాడు. తర్వాత వచ్చి తన చోట కూర్చున్నాడు.

తురాట్ చప్పట్లు కొట్టాడు. సరే అయితే, రేపు బెక్తుర్ దిగుతాడు, కుర్ర మొహం ఫోటోల్లో బాగుంటుంది, లెక్కకి నలుగురూ ఉన్నారు అన్నాడు. ఫర్హాన్‌కి మాత్రం మతిపోయింది.

"చొక్కా ఇస్తే చోటు కూడా ఇచ్చేసినట్టేనా?" అని అడిగాడు.

"ఇక్కడ అంతే తమ్ముడూ. ఒంటి మీద ఎవరికుంటే వాళ్ళదే" అన్నాడు తురాట్.

నేను మా వాణ్ణి వంటింట్లోకి లాక్కొచ్చాను. ఇచ్చింది చొక్కా మాత్రమేనని వెళ్ళి చెప్పు, లేదా నన్ను చెప్పనివ్వు అన్నాను. నసికత్ పొయ్యి వైపు తిరిగి ఏడుస్తోంది.

"పిల్లనిచ్చినవాడి కొడుకు ఒంటి మీంచి చొక్కా లాగమంటావా ఎజే? రేపు కోడలి మొహం ఎలా చూడను?" అన్నాడు.

కోడలు అక్కడే ఉంది, గిన్నెలు కడుగుతోంది. తల వంచుకుని, "నేనేమీ అనుకోను మామయ్యా" అంది, వినిపించీ వినిపించనట్టు. మా వాడు ఆ అమ్మాయి తల నిమిరి, మళ్ళీ అతిథుల గదిలోకి టీ పోయడానికి వెళ్ళాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మ్యాచ్ రోజు తెల్లవారుజామునే వాడు వెళ్ళి గడ్డి కోశాడు, రబ్బరు పట్టా మేకులు సరిచూశాడు, సున్నంతో గీతలు గీశాడు. బెక్తుర్ ముందు దిగి, రెండో బంతికే కళ్ళు మూసుకుని బ్యాటు తిప్పి అవుటయ్యాడు. నవ్వుకుంటూ వచ్చాడు. మేం ఓడిపోయాం. అయినా పైనుంచి వచ్చిన పెద్దలకి ఊరు నచ్చింది, టీ నచ్చింది, నా సమ్సాలు కూడా నచ్చాయి. గుర్తింపు వచ్చేసింది. మా వాడు రోజంతా నీళ్ళు మోశాడు. ఇంటికొచ్చి ఏమీ తినలేదు.

వచ్చే ఏడు ఉంది కదా అని నేనే నచ్చజెప్పాను. వాడూ కొంచెం తేరుకున్నాడు, పెరట్లో మళ్ళీ బంతుల చప్పుడు మొదలైంది. ఇంతలో శరత్కాలంలో తురాట్ సభ పెట్టాడు. మైదానంలో గుడారం వేశారు. ఎసెన్‌బెక్‌ని వేదిక మీదికి పిలిచి, యువతరం కోసం తన చోటు తానే వదులుకున్న మహా ఆటగాడు, ఇవాళ ఆట నుంచి గౌరవంగా విరమిస్తున్నాడు అని చెప్పి, జరీ అంచు పొడుగు అంగీ తొడిగి, తెల్ల కల్పక్ టోపీ నెత్తిన పెట్టాడు. ఒక్క మ్యాచ్ ఆడని మనిషికి వీడ్కోలు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను విరమించడం లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడేమో అన్ని చప్పట్ల మధ్య రొమ్ము మీద చెయ్యి వేసుకుని వంగి దణ్ణం పెట్టాడు.

తర్వాతి శనివారం ఎప్పటిలాగే ప్యాడ్లు కట్టుకుని సాధనకి వెళ్ళాడు. మధ్యాహ్నం సమ్సాల బుట్టతో నేను వెళ్ళేసరికి, బెక్తుర్ ఎదురుపడి గౌరవంగా వాడి చేతిలోంచి బ్యాటు అందుకుంటున్నాడు.

"మీకెందుకు కుదా శ్రమ. మీరు పెద్దలు, మా అతిథులు. ఇలా నీడలో కూర్చోండి" అని కుర్చీ దుమ్ము దులిపి వేశాడు.

ఆ కుర్రాడి మర్యాదలో ఏ కల్మషమూ లేదు, అదే నా ఖర్మ. మా తమ్ముడు కుర్చీ వైపు చూశాడు, రబ్బరు పట్టా వైపు చూశాడు, నా వైపు చూశాడు. అనరా, ఈ ఒక్కసారైనా అను అన్నాను, ఈసారి నోటితోనే, అందరికీ వినపడేలా.

"ఫర్వాలేదులే ఎజే, పిల్లలు ఆడనీ" అని ప్యాడ్లు విప్పుకుని కూర్చున్నాడు.