బావ విమానాన్ని రెండున్నర గంటల ముందే దించేశాను

ఒక్క తీసివేతతో నిండు మనిషిని ఆకాశంలో మాయం చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, ఈ ముక్కలు రాస్తున్నది వాడే. గుండె దిటవు చేసుకుని చదవండి.

అప్పుడు నేను కడపలో డిగ్రీ చదువుతున్నాను. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే మా యోసేపు బావ మొదటిసారి ఇంటికొస్తున్నాడు. ఆయన పోయేటప్పుడు అక్క కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతోంది. తండ్రిని ఫోన్లో తప్ప చూడలేదు.

పొద్దున్నే అక్క టికెట్ ఫొటో నా ముందు పెట్టింది. "పన్నెండుకు చెన్నైలో దిగుతాడు గదరా?"

"అది కువైట్ టైమక్కా. వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు ఎనక. తీసెయ్. తొమ్మిదిన్నరకే దిగుతాడు."

"ఇప్పుడే గదరా విమానం ఎక్కుతాండానని ఫోన్ చేసినాడు? ఏడున్నరయింది. రెండు గంటల్లో అంత దూరం ఎట్ల వస్తాడు?"

"అదేమన్నా కర్నూలు బస్సా, ఆళ్ళగడ్డలో టీకి ఆపేదానికి?"

టికెట్ మీద దిగే ఊరి టైమే వేస్తారు. కువైట్ టైమే అయినా కలపాలి గానీ తీసెయ్యకూడదు. ఈ రెండూ తెలియక నాలుగున్నర గంటల సముద్రాన్ని రెండు గంటలకు కుదించేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త మేధావికి గడియారమే గిట్టదు. నెట్‌లో చూడొచ్చు కదా అంటారా? నిండుకుండకు నెట్టెందుకండీ!

పదిన్నరకు, చెన్నైలో కారుతో కాచుకున్న మాబుకు ఫోన్ చేశాను.

"దిగలేదన్నా. ఎవురూ బయటికి రాలే."

పదకొండుకూ అదే మాట. ఆ తర్వాత మాబు ఫోన్ ఆగిపోయింది. బావ కువైట్ సిమ్ము ఇక్కడ పనిచేయదు.

"అమ్మా, విమానం కనపడలేదంట!" అన్నాను. 'అంట' ఏమిటి, అన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్క గోడకు చేరగిలబడి కూలిపోయింది. "బిడ్డ మొగమన్నా సూడకపాయనే!" ఆ ఏడుపు విని నేనూ ఏడ్చేశాను. లెక్క తప్పిందేమోనన్న అనుమానం మాత్రం, దేవుడి తోడు, ఒక్కసారీ రాలేదు.

మధ్యాహ్నానికి వీధంతా మా వాకిట్లోనే ఉంది. చర్చి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాస్టరయ్య బైబిలు తెరిచి ప్రార్థన మొదలుపెట్టారు. పక్కింటి పెద్దాయన "ఉన్నన్నాళ్ళు శానా మంచోడప్పా!" అని తల పట్టుకున్నాడు.

సాయంత్రం మాబు కారు వచ్చి ఆగింది. బావ దిగాడు. కుర్చీలు, బైబిలు, జుట్టు విరబోసుకున్న అక్క. ఆయన చేతిలో పెట్టె జారిపోయింది. పరుగున వచ్చి నన్ను వాటేసుకుని బోరుమన్నాడు.

"ఎవురప్పా పోయింది? అత్తనా?"

నా నోటికి ఈ మాటే వచ్చింది:

"నువ్వే బావా!"

అక్క ఏడుస్తూనే నవ్వింది. పిల్లను తెచ్చి బావ చేతుల్లో పెట్టింది. ఆనక తీరిగ్గా అమ్మవైపు తిరిగి, "చీపురు యాడుండాది మా?" అని అడిగింది.

మిద్దె మీదికి పారిపోయి, ఆకాశం వైపు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరి విమానం ఎప్పుడు దిగుతుందో ముందుగా చెప్పను. ఎవరైనా అడిగితే, దిగినాక చెబుతాను.